ఇకత్ వస్త్రం: రంగులద్దకం, నేత నేర్చుకొనే క్రమం – పోచంపల్లి, పుట్టపాక చేనేత విద్యపై ప్రత్యేక వ్యాసం

నేసిన వస్త్రంపై రంగులు అద్దడం, బొమ్మలు ముద్రించడం దేశమంతటా వాడుకలో ఉన్న పద్ధతి. నేయకముందే నూలుపోగులకు లెక్క ప్రకారం రంగులు వేసి, ఆ పోగులు మగ్గంపై కలిసినప్పుడు బొమ్మ రూపుకట్టేలా చేయడం ఇకత్ పద్ధతి. మొదటి దానిలో వస్త్రం ముందు, బొమ్మ తరువాత. రెండవ దానిలో బొమ్మ ముందు, వస్త్రం తరువాత. ఈ ఒక్క తేడాయే ఇకత్‌ను నేర్చుకొనడానికి కష్టమైన విద్యగా, అనుకరించడానికి లాభసాటి సరుకుగా కూడా మార్చింది.

పోచంపల్లి చీరలను గురించిన వార్తలు తరచుగా వెలువడుతున్నా, ఈ విద్య ఏయే దశలుగా సాగుతుంది, నేర్చుకొనేవారు ఏ క్రమంలో నేర్చుకొంటారు, ఏ దశలో విద్య తెగిపోయే ప్రమాదం ఉంది అన్న విషయాలు అంతగా ప్రస్తావనకు రావడం లేదు. పాత్రికేయులకు, చేనేత వ్యవహారాలు చూసే అధికారులకు ఉపయోగపడగలదన్న ఉద్దేశంతో ఆ వివరాలను ఇక్కడ క్రోడీకరించడమైనది.

పేరు, ప్రాంతం

ఇకత్ అనే పదం మలయ్–ఇండోనేషియా భాషల నుంచి వచ్చింది. కట్టడం, ముడివేయడం అని దాని అర్థం. గుజరాత్‌లోని పాటన్‌లో ఈ తరహా పట్టువస్త్రాన్ని పటోలా అని, ఒడిశాలో బాంధ అని వ్యవహరిస్తారు. తెలంగాణ నేతన్నలు తమ పనిని చిటికి అంటారు. చిటికి కట్టడం అంటే రంగు అంటకూడని చోట నూలును బిగించి కట్టడమే.

తెలంగాణలో ఈ నేతకు కేంద్రం యాదాద్రి భువనగిరి జిల్లాలోని భూదాన్ పోచంపల్లి. హైదరాబాద్‌కు దాదాపు 45 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరు 1951 ఏప్రిల్ 18న ఆచార్య వినోబా భావే పర్యటన సందర్భంగా వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానం చేయడంతో భూదానోద్యమానికి జన్మస్థలమై, పేరు ముందు ఆ మాటను చేర్చుకొంది. సంస్థాన్ నారాయణపురం మండలంలోని పుట్టపాక, చౌటుప్పల్ మండలంలోని కొయ్యలగూడెం, రామన్నపేట మండలంలోని సిరిపురం, నల్లగొండ జిల్లాలోని గట్టుప్పల్, చండూరు వంటి ఊళ్లలోనూ ఈ పని సాగుతోంది. పోచంపల్లి పట్టుచీరలకు, పుట్టపాక తేలియా రుమాలుకు, కొయ్యలగూడెం నూలు దుప్పట్లకు ప్రసిద్ధి పొందాయి.

ఈ విద్యకు తెలుగునాట మొదటి చిరునామా చీరాల. అక్కడ తయారైన తేలియా రుమాళ్లు అరబ్బు దేశాలకు, ఆఫ్రికా తీరానికి, బర్మాకు ఎగుమతి అయ్యేవి. 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో ఆ పనితనం నల్లగొండ ప్రాంతానికి చేరిందని చరిత్రకారులు చెబుతారు. చీరాలలో అది క్రమంగా సన్నగిల్లగా, పుట్టపాక, పోచంపల్లి ప్రాంతాల్లో వేళ్లూనుకొంది. తొలుత నూలుపై సాగిన పని తరువాతి కాలంలో పట్టుపైకి మళ్లింది. ఒక విద్య పుట్టినచోట తగ్గిపోయి మరొకచోట నిలదొక్కుకోవచ్చునని, నేర్చుకొనేవారు ఎక్కడ ఉంటే అది అక్కడ ఉంటుందని ఈ చరిత్ర చెబుతోంది.

మూడు రకాలు

పడుగును మాత్రమే కట్టి రంగులద్ది, పేకను ఒకే రంగులో ఉంచితే పడుగు ఇకత్. పేకను మాత్రమే కట్టి, పడుగును సాదాగా ఉంచితే పేక ఇకత్. రెండింటినీ కట్టి, పడుగులోని బొమ్మపై పేకలోని బొమ్మ సరిగ్గా కూర్చొనేలా నేస్తే జంట ఇకత్. ఈ మూడవది అత్యంత కష్టసాధ్యం. ప్రపంచంలో జంట ఇకత్ సంప్రదాయం ప్రధానంగా భారత్, ఇండోనేషియా, జపాన్ దేశాలకే పరిమితం. మన దేశంలో పాటన్ పటోలా, పుట్టపాక తేలియా రుమాలు దీనికి ప్రముఖ ఉదాహరణలు.

నేర్చుకొనేవారు సాధారణంగా పడుగు ఇకత్‌తో మొదలుపెట్టి, పేక ఇకత్ మీదుగా జంట ఇకత్‌కు చేరుకొంటారు. పడుగు ఇకత్‌లో నేత సమయంలో చూసుకోవలసినది తక్కువ. పేక ఇకత్‌లో ప్రతి పోగునూ సరిచూడాలి. జంట ఇకత్‌లో రెండు వైపులా సరిచూడాలి.

మొదటి పాఠం: నూలును తెలుసుకొనడం

ఇకత్ నేర్చుకొనేవారికి మొదట మగ్గం ఎక్కే అవకాశం ఉండదు. మొదటి నెలలు చిలపలు విప్పడం, రాట్నంపై నూలు చుట్టడం, కండెలు చుట్టడం వంటి పనులతోనే గడుస్తాయి. చూసేవారికి ఇది చాకిరీగా తోచవచ్చు. నిజానికి పోగు ఎంత లాగితే తెగుతుంది, తడిసినప్పుడు ఎలా ప్రవర్తిస్తుంది, ఎక్కడ ముడి దాగి ఉంది అన్నది వేళ్లకు తెలిసేది ఈ దశలోనే.

పట్టు అయితే ముందుగా దాని సహజమైన జిగురును తొలగించాలి. సబ్బు, సోడా కలిపిన నీటిలో మరుగుకు దగ్గరగా వేడిచేస్తే జిగురు కరిగి పట్టుకు మెరుపు, మెత్తదనం వస్తాయి. ఈ క్రమంలో పట్టు బరువులో నాలుగవ వంతుకు దగ్గరగా తగ్గుతుంది. జిగురు పూర్తిగా పోకపోతే రంగు మచ్చలుగా పడుతుంది. ఎక్కువసేపు ఉడికితే పోగు బలహీనపడుతుంది. నూలుకు కూడా మైనం, మురికి పోయేలా ఉడికించి ఉతకవలసి ఉంటుంది. పొడి నూలు రంగును సమంగా పీల్చుకోదు. అందువలన అద్దకానికి ముందు కట్టలను నీటిలో బాగా నానబెట్టడం ప్రతి శిష్యునికీ ఇచ్చే తొలి హెచ్చరిక.

ఆసు పోయడం

పేక ఇకత్‌కు ప్రాణం ఆసు. ఒకవైపు ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో అమర్చిన మేకుల వరుస ఉండే చట్రాన్ని ఆసు అంటారు. నూలును ఒకవైపు నుంచి మరొకవైపునకు, మేకు తరువాత మేకు చుట్టూ తిప్పుతూ పోవాలి. రెండు వైపుల మధ్య దూరం వస్త్రం వెడల్పుకు సరిపోవాలి. ఇలా పోసిన పోగుల పొరలే తరువాత బొమ్మ గీయడానికి పలకగా ఉపయోగపడతాయి.

ఒక చీరకు సరిపడే ఆసు పోయాలంటే చేయి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ కదలాలి. ఒక్కో కదలికను మీటరుగా లెక్కించినా 9 కిలోమీటర్లు అవుతుంది. ఈ పనికి నాలుగైదు గంటలు పడుతుంది. తరతరాలుగా దీన్ని ఇంటి స్త్రీలే చేస్తూ వచ్చారు. భుజాల నొప్పి, కంటి శ్రమ దీనితో వచ్చే బాధలు. ఒక్క మేకు తప్పినా, పోగుల సంఖ్య ఒక్కటి తగ్గినా బొమ్మ అంచు ఒరిగిపోతుంది. అందువలన ఆసు పోసేవారికి ఓపికతో పాటు లెక్క కూడా రావాలి.

ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడుతున్న ఈ శ్రమను చూసి, ఏళ్ల తరబడి ప్రయత్నించి 1999లో ఆసు యంత్రాన్ని రూపొందించారు. తల్లి పేరిట దానికి లక్ష్మీ ఆసు యంత్రం అని పేరుపెట్టారు. గంటల తరబడి చేయి కదిపే పనిని అది చాలావరకు తొలగించింది. 2017లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో గౌరవించింది. 2019లో ఆయన జీవితం ఆధారంగా తెలుగులో చలనచిత్రం కూడా వచ్చింది. ఈ యంత్రం నేతను గాని, చిటికిని గాని తాకదు. శరీరాన్ని అరగదీసే దశను మాత్రమే అది తేలిక చేసింది. చేనేతలో యంత్రం పాత్ర ఎంతవరకు ఉండాలన్న చర్చకు ఇది మంచి కొలమానం.

గీత, చిటికి

బొమ్మను ముందుగా గళ్ల కాగితంపై వేస్తారు. ఒక్కో గడి కొన్ని పోగుల సమూహానికి గుర్తు. ఏ గడిలో ఏ రంగు రావాలో నిర్ణయించిన తరువాత, చట్రంపై బిగించిన పోగులపై బొగ్గుతోనో, కలంతోనో గీతలు గీస్తారు. అనుభవజ్ఞులు కాగితం లేకుండానే వేళ్లతో కొలిచి గుర్తులు పెట్టగలరు. నేర్చుకొనేవారు మాత్రం కాగితాన్ని వదలకూడదు.

గుర్తు పెట్టిన చోట రంగు అంటకుండా కట్టడమే చిటికి. పాత సైకిలు ట్యూబులను సన్నని పట్టీలుగా కోసి, పోగుల గుత్తి చుట్టూ సాగదీసి బిగించి చుడతారు. ట్యూబు రబ్బరు నీటిని లోపలికి పోనివ్వదు, వేడిని తట్టుకొంటుంది, విప్పడమూ సులభం. ఖరీదైన పరికరం ఏదీ దీనికి సాటి రాలేదు. కట్టు వదులుగా ఉంటే రంగు లోపలికి పాకి అంచు చెదురుతుంది. మరీ బిగిస్తే పోగు నలిగి నేత సమయంలో తెగుతుంది. ఈ రెండింటి మధ్య సరైన బిగువును మాటల్లో చెప్పడం సాధ్యం కాదు. గురువు కట్టిన కట్టును వేలితో నొక్కి చూసి, తన కట్టును దానితో పోల్చుకొంటూ నేర్చుకోవలసిందే.

చిటికి దశలో చేసే పొరపాటు ఒక్క చీరతో ఆగదు. సాధారణంగా ఒక పడుగు ఏడెనిమిది చీరలకు సరిపడేలా వేస్తారు. పడుగును మడతలుగా పేర్చి ఒకేసారి కడతారు గనుక, ఒక కట్టు తప్పితే అదే తప్పు ప్రతి చీరలోనూ కనిపిస్తుంది. నూలును తిరిగి తెల్లగా మార్చడం సాధ్యం కాదు. అందువలన కొత్తవారిచేత మొదట చిన్న రుమాళ్లు, కండువాల పడుగులే కట్టిస్తారు.

రంగులద్దకం: లేత నుంచి ముదురుకు

రంగులద్దకంలో నియమం ఒక్కటే. లేత రంగుతో మొదలై ముదురు రంగుతో ముగియాలి. తెలుపు, పసుపు, ఎరుపు, నలుపు ఉన్న బొమ్మను ఉదాహరణగా తీసుకొందాం. ముందుగా తెల్లగా మిగలవలసిన భాగాలను కట్టి, నూలు మొత్తాన్ని పసుపు రంగులో ముంచుతారు. ఆరిన తరువాత పసుపుగా మిగలవలసిన భాగాలను కట్టి ఎరుపులో ముంచుతారు. పిదప ఎరుపుగా ఉండవలసిన వాటిని కట్టి నలుపులో ముంచుతారు. చివరన కట్లన్నీ విప్పితే నాలుగు రంగులు వేటి స్థానంలో అవి కనిపిస్తాయి. ఎరుపు కింద పసుపు ఉంటుంది గనుక ఆ ఎరుపు ఛాయ వేరుగా వస్తుంది. ఏ రంగుపై ఏ రంగు పడితే ఏ ఛాయ వస్తుందో ముందే ఊహించగలగడం రంగరి నేర్పు.

పట్టుకు సాధారణంగా ఆమ్ల రంగులు వాడతారు. నీటిని నెమ్మదిగా వేడిచేస్తూ, కొద్దిగా ఎసిటిక్ ఆమ్లం కలిపి, నూలును నిరంతరం తిప్పుతూ ఉండాలి. నూలుకు వ్యాట్ రంగులు, నాఫ్తాల్ రంగులు, రియాక్టివ్ రంగులు వాడుకలో ఉన్నాయి. వ్యాట్ రంగు నీటిలో నేరుగా కరగదు. కాస్టిక్ సోడా, హైడ్రోసల్ఫైట్ సహాయంతో కరిగించి నూలుకు పట్టించాలి. తొట్టి నుంచి తీసి గాలికి పట్టిన తరువాతే అసలు రంగు బయటపడుతుంది. నాఫ్తాల్ రంగుకు రెండు తొట్లు కావాలి. రియాక్టివ్ రంగుకు ఉప్పు, సోడా తప్పనిసరి. తూకంలో కొద్ది తేడా వచ్చినా రెండవసారి అదే ఛాయ రాదు. అందుకే రంగరులు తూకాలను, సమయాలను పుస్తకంలో రాసుకొంటారు. నేర్చుకొనేవారు మొదటి రోజు నుంచే ఈ అలవాటు చేసుకోవాలి.

కట్టల లోపలి పొరలకు రంగు చేరడానికి వాటిని తొట్టిలో చేతితో పిసుకుతారు. చేతులకు రబ్బరు తొడుగులు, గాలి వచ్చే చోటు, వాడిన నీటిని ఊరి చెరువులోకి, బావుల్లోకి పోకుండా చూసే ఏర్పాటు ఇప్పుడు ఐచ్ఛికాలు కావు. కొన్ని రకాల అజో రంగులను కేంద్ర ప్రభుత్వం 1990 దశకంలోనే నిషేధించింది. శిక్షణలో రంగుల పాఠంతో పాటు ఈ జాగ్రత్తలూ పాఠంగానే ఉండాలి.

కట్లు విప్పే పని కూడా తేలిక కాదు. పట్టీని బ్లేడుతో కోసేటప్పుడు కింది పోగు తెగకూడదు. విప్పిన పేకను వరుస తప్పకుండా కండెలకు చుట్టాలి. మొదటి కండె తరువాత రెండవది, దాని తరువాత మూడవది అన్న క్రమం చెడితే, ఏనుగు తల ఉండవలసిన చోట కాళ్లు వస్తాయి.

మగ్గం మీద

రంగు పూర్తయిన పడుగును వీధిలోనో, పొడవైన వసారాలోనో చాపి, పోగులను సరిచేసి, నూలు పడుగైతే గంజి పట్టిస్తారు. తరువాత అచ్చు అతుకుతారు. పాత పడుగు చివరల ఒక్కో పోగుకు కొత్త పడుగు పోగును చేర్చి, వేళ్ల మధ్య మెలిపెట్టి అతకడమే ఈ పని. వేల పోగులు ఇలా ఒక్కొక్కటిగా అతకాలి. ఒక్క పోగు పక్కకు జరిగితే పన్నె గుండా వచ్చే బొమ్మ మొత్తం జరుగుతుంది.

నేత గుంట మగ్గంపై సాగుతుంది. నేతగాడు నేల మట్టాన కూర్చొని, కాళ్లు గుంటలో ఉంచి తొక్కుతాడు. అల్లిక సాదాదే. కష్టమంతా పేకను కూర్చడంలో ఉంది. నాడె ఒకసారి దాటగానే పేకపై ఉన్న గుర్తు దాని స్థానంలో పడిందా లేదా చూసి, అవసరమైతే అంచు దగ్గర పోగును కొద్దిగా లాగి గాని వదిలి గాని సరిచేస్తాడు. ప్రతి పోగుకూ ఇదే పని. ఇకత్ బొమ్మల అంచుల్లో కనిపించే ఈక వంటి మెత్తని చెదురు ఈ సర్దుబాటు మిగిల్చిన జాడ. నిపుణుల చేతిలో ఆ చెదురు తగ్గుతుంది, పూర్తిగా పోదు. నూలు కొనుగోలు నుంచి పడుగు మొత్తం నేసి దించే వరకు కుటుంబమంతా పనిచేస్తే నెల నుంచి నెలన్నర పడుతుంది.

తేలియా రుమాలు: పై చదువు

ఈ విద్యలో పై చదువు అనదగినది తేలియా రుమాలు. నూలును ఆముదపు కాయల బూడిద కలిపిన నీటిలో, నూనెలో పలుమార్లు పిసికి, ఎండబెట్టి, రోజుల తరబడి సిద్ధం చేస్తారు. ఈ సంస్కారం వల్లనే నూలు మెత్తబడుతుంది, ఎరుపు రంగు గాఢంగా పట్టి నిలుస్తుంది. నూనె వాసన మిగలడం వల్లనే తేలియా అన్న పేరు వచ్చింది. సంప్రదాయంగా ఎరుపు, నలుపు, తెలుపు రంగులే ఇందులో కనిపిస్తాయి. చతురస్రాకారపు గళ్లు, జ్యామితీయ రూపాలు, సింహాలు, ఏనుగులతో పాటు 20వ శతాబ్దిలో గడియారం, విమానం వంటి కొత్త వస్తువులు కూడా ఈ గళ్లలోకి వచ్చి చేరాయి.

పుట్టపాకకు చెందిన గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ పురస్కారాలు లభించాయి. పుట్టపాక తేలియా రుమాలు 2020లో భౌగోళిక గుర్తింపు పొందింది.

నేర్చుకొనే కాలం, దాని ఖర్చు

మగ్గం నేత మాత్రమే నేర్చుకొనడానికి నెలలు సరిపోవచ్చు. ఆసు, గీత, చిటికి, రంగు, అతుకు, నేత అన్నీ ఒకరికి పట్టుబడాలంటే ఏళ్లు కావాలి. అందుకే ఈ విద్య ఒక వ్యక్తిది కాక ఒక కుటుంబానిదిగా పెరిగింది. తల్లి ఆసు పోస్తే, తండ్రి గీత గీస్తే, ఇంటిల్లిపాదీ చిటికి కడితే, కొడుకు మగ్గంపై కూర్చుంటే ఒక చీర తయారవుతుంది. ఈ గొలుసులో ఏ ఒక్క చేయి తప్పుకొన్నా మగ్గం ఆగుతుంది.

నాల్గవ అఖిల భారత చేనేత గణన (2019–20) ప్రకారం దేశంలో 35.22 లక్షల మంది చేనేత, అనుబంధ కార్మికులు ఉన్నారు. 2009–10 నాటి మూడవ గణనలో ఈ సంఖ్య 43.31 లక్షలు. పదేళ్ల వ్యవధిలో 8 లక్షలకు పైగా తగ్గుదల నమోదైంది. కార్మికుల్లో స్త్రీలు దాదాపు 72 శాతం. అయితే ఈ జాతీయ సంఖ్యలో ఈశాన్య రాష్ట్రాల వాటా పెద్దది గనుక, వాటిని యథాతథంగా తెలంగాణకు అన్వయించకూడదు. తగ్గుదల దిశను మాత్రం ఎవరూ కాదనలేరు.

కొత్తతరం ఈ పనికి ఎందుకు రావడం లేదన్న ప్రశ్నకు ఆసక్తి లేకపోవడమే కారణమని చెప్పడం సులభం. వాస్తవం అంతకంటె కఠినం. నేర్చుకొనే కాలంలో శిష్యునికి రాబడి లేదు. అతడు పాడుచేసిన నూలు, పట్టు ఖర్చు గురువు ఇంటిపై పడుతుంది. ఒక పట్టు పడుగు చెడితే నెల పైబడిన కుటుంబ శ్రమ వృథా అవుతుంది. ఆ భయంతో గురువు కష్టమైన పనిని తానే చేసుకొని, శిష్యునికి తేలికపాటి పని అప్పగిస్తాడు. ఫలితంగా పదేళ్లు పనిచేసినా గీత, రంగు మర్మాలు తెలియనివారు మిగిలిపోతారు. శిక్షణ పథకాలను రూపొందించేవారు ఉపకార వేతనంతో పాటు, నేర్చుకొనేటప్పుడు చెడే నూలు ఖర్చును కూడా లెక్కలోకి తీసుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.

రెండవ అంశం గుర్తింపు. మగ్గంపై కూర్చున్నవారే నేతన్నగా లెక్కకు వస్తారు. ఆసు పోసేవారు, కండెలు చుట్టేవారు, చిటికి కట్టేవారు అనుబంధ కార్మికుల జాబితాలో నమోదైతేనే గుర్తింపు కార్డులు, బీమా, పొదుపు వంటి ప్రయోజనాలు వారికి చేరతాయి. క్షేత్రస్థాయిలో ఇంటింటి నమోదు చేసే అధికారులు మగ్గాలను మాత్రమే లెక్కించక, ఆ మగ్గం వెనుక ఉన్న చేతులను కూడా అడిగి రాసుకోవడం అవసరం.

శిక్షణ వసతులు

కేంద్ర జౌళి మంత్రిత్వ శాఖ పరిధిలోని హైదరాబాద్, విజయవాడ నేతగాళ్ల సేవా కేంద్రాలు రంగులద్దకం, నమూనాల రూపకల్పన, నేత అంశాల్లో సాంకేతిక సహాయం, శిక్షణ అందిస్తున్నాయి. వెంకటగిరిలోని శ్రీ ప్రగడ కోటయ్య స్మారక చేనేత సాంకేతిక సంస్థలో మూడేళ్ల డిప్లొమా కోర్సు ఉంది. తెలంగాణలో కొండా లక్ష్మణ్ బాపూజీ పేరిట భారత చేనేత సాంకేతిక సంస్థ 2024 సెప్టెంబర్‌లో హైదరాబాద్‌లో ప్రారంభమైంది.

సంస్థలో చదువు, ఇంట్లో చదువు ఒకదానికొకటి పోటీ కావు. రంగుల రసాయన శాస్త్రం, నూలు నంబర్ల లెక్క, కంప్యూటర్‌పై గళ్ల కాగితం, ధర నిర్ణయించే పద్ధతి తరగతి గదిలో బాగా వస్తాయి. కట్టు బిగువు, పేక సర్దుబాటు మగ్గం పక్కనే వస్తాయి. డిప్లొమా విద్యార్థి కొంతకాలం నేతన్న ఇంట గడపడం, నేతన్న కుటుంబంలోని యువకులు కొంతకాలం రంగుల ప్రయోగశాలలో గడపడం రెండూ జరిగినప్పుడే విద్య నిలుస్తుంది.

అసలు ఏది, నకిలీ ఏది

పోచంపల్లి ఇకత్‌కు భౌగోళిక గుర్తింపు 2004–05లో లభించింది. భౌగోళిక సూచికల చట్టం 1999లో వచ్చి 2003 సెప్టెంబర్‌లో అమలులోకి రాగా, దాని కింద తొలినాళ్లలోనే గుర్తింపు పొందిన ఉత్పత్తుల్లో ఇది ఒకటి. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కింద 11 రకాల వస్త్రాలను నిర్దేశిత లక్షణాలతో చేనేతకే కేటాయించారు. చేనేత మార్కు 2006 నుంచి, ఇండియా హ్యాండ్లూమ్ బ్రాండ్ 2015 నుంచి అమలులో ఉన్నాయి. యునెస్కో తాత్కాలిక జాబితాలో 2014లో చేరిన భారతీయ చీరల నేత కేంద్రాల్లో పోచంపల్లి ఉంది. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ దీన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది.

ఇన్ని గుర్తింపులున్నా, ఇకత్ బొమ్మను మరమగ్గపు గుడ్డపై ముద్రించి అమ్మడం ఆగలేదు. కొనుగోలుదారుకు చెప్పదగిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. ఇకత్‌లో రంగు పోగులోనే ఉంటుంది గనుక వస్త్రానికి రెండు వైపులా బొమ్మ ఒకే గాఢతతో కనిపిస్తుంది. ముద్రించిన గుడ్డకు సాధారణంగా వెనుకవైపు వెలసినట్లు ఉంటుంది. అసలు ఇకత్‌లో బొమ్మ అంచు స్వల్పంగా చెదిరి ఉంటుంది. ముద్రణలో అది గీత గీసినట్లు ఉంటుంది. అంచు నుంచి ఒక పోగు తీసి చూస్తే, ఇకత్ పోగు లోపలి వరకు రంగు పట్టి, ముక్క ముక్కకు రంగు మారుతుంది. ముద్రణలో పోగుకు ఒకవైపు మాత్రమే రంగు అంటి ఉండవచ్చు. నకిలీ గుడ్డ ఒక్కటి అమ్ముడైతే అసలు చీర ధర పడిపోతుంది. ధర పడితే నేర్చుకొనడానికి వచ్చే యువకుని లెక్క తప్పుతుంది.

పాత్రికేయులకు పదసూచిక

వార్తల్లో తరచుగా దొర్లే కొన్ని పొరపాట్లను నివారించడానికి ఈ క్రింది వివరణలు ఉపయోగపడతాయి.

పడుగు: మగ్గంపై నిలువుగా సాగే పోగులు. 
పేక: నాడెతో అడ్డంగా వేసే పోగు. 
ఆసు: పేక నూలును మేకుల చుట్టూ వరుసగా పోసే చట్రం, ఆ పని కూడా. 
చిటికి: రంగు అంటకుండా నూలును కట్టే పని. 
కండె: నాడెలో అమర్చే నూలు చుట్ట. 
పన్నె: పడుగు పోగులను విడిగా ఉంచి, పేకను తట్టే దువ్వెన వంటి పరికరం. 
అచ్చు అతకడం: పాత పడుగు కొసలకు కొత్త పడుగును చేర్చడం.

ఇకత్ ప్రింట్ అన్న మాట పరస్పర విరుద్ధం. ముద్రించినది ఇకత్ కాదు, ఇకత్ నమూనా మాత్రమే. రాజస్థాన్, గుజరాత్‌ల బాంధనీలో నేసిన వస్త్రాన్నే ముడివేసి రంగులో ముంచుతారు. ఇకత్‌లో నేయని నూలును కడతారు. రెండింటినీ ఒకే పేరుతో పిలవరాదు. కలంకారీ వస్త్రంపై కలంతో గాని అచ్చుతో గాని చేసే పని, దానికి ఇకత్‌తో సంబంధం లేదు. భౌగోళిక గుర్తింపు పరిధికి వెలుపల తయారైన వస్త్రాన్ని పోచంపల్లి అని పేర్కొనడం చట్టరీత్యా కూడా సరికాదు.

1905 ఆగస్టు 7న మొదలైన స్వదేశీ ఉద్యమం జ్ఞాపకార్థం 2015 నుంచి ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం జరుపుకొంటున్నాం. ఆ రోజున చీరల ఛాయాచిత్రాలు పత్రికల నిండా కనిపిస్తాయి. ఆ చీర వెనుక 9 వేల సార్లు కదిలిన ఒక చేయి, తూకాలు రాసుకొన్న ఒక పుస్తకం, తప్పు చేస్తూ నేర్చుకొన్న ఒక శిష్యుడు ఉన్నారన్న సంగతి కూడా ఆ ఛాయాచిత్రం పక్కన చోటు చేసుకోవాలి. మగ్గాల సంఖ్య ఎంతో తెలుసుకొనడం అవసరమే. ఈ ఏడాది ఎంతమంది కొత్తవారు చిటికి కట్టడం నేర్చుకొన్నారన్న ప్రశ్న అంతకంటె ముఖ్యమైనది. ప్రతి చేనేత సమీక్షా సమావేశంలోనూ ఆ ప్రశ్నకు ఒక అంకె సమాధానంగా ఉండాలి.